జీపుకి ఏ చెప్పులు? – కొండదారి టైర్ల పాఠం



సెలవులిస్తే మనలో సగం మందిమి జీపెక్కే ఇంటికి వెళ్తాం. లోపల పన్నెండు మంది, వెనక వేలాడుతూ నలుగురు, పైన సంత మూటలు, కోళ్ళు. ఎక్కేటప్పుడు సీటు దొరుకుతుందా లేదా అని చూస్తాం. డ్రైవరు తెలిసినవాడా కాదా అని చూస్తాం. టైరు వైపు మాత్రం ఎవ్వరం చూడం. నేను కూడా చూసేవాణ్ణి కాదు. ఏడో తరగతిలో ఉండగా ఒక రాత్రి చూడాల్సొచ్చింది. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

ఆ రాత్రి ఏం జరిగింది?

మా ఊరు పాడేరు ఏజెన్సీలో ఉంది. తారు రోడ్డు నుంచి 9 కిలోమీటర్లు పైకి ఎక్కాలి. పైన 4 కిలోమీటర్లు ఎర్రమట్టి దారి. తర్వాత ఒక గెడ్డ, దాన్నిండా రాళ్ళు. గెడ్డ దాటాక తారు రోడ్డు దాకా కంకర దారి. మా మావయ్యకి పాత బొలేరో ఉంది. మేమంతా దాన్ని జీపు అనే అంటాం.

ఆగస్టు నెల. మూడు రోజుల్నుంచి ముసురు. రాత్రి పదింటికి మా అత్తకి పురిటి నొప్పులు మొదలయ్యాయి. మావయ్య జీపు తీశాడు. నేనూ, మా అమ్మా, ఇంకో ఇద్దరూ ఎక్కాం. మాకు భయం లేదు. ఎందుకంటే పదిహేను రోజుల కిందటే మావయ్య నాలుగు కొత్త టైర్లు వేయించాడు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఊరంతా చూసి మెచ్చుకున్నారు కూడా.

గెడ్డకి ఇంకా అర ఫర్లాంగు ఉందనగా చిన్న ఎత్తు వస్తుంది. అక్కడ జీపు ఆగిపోయింది. ఇంజను గీపెడుతోంది, చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం అంగుళం కదల్లేదు. పైగా వెనక భాగం మెల్లగా లోయ వైపు జారింది. నేను దిగి టార్చిలైటు వేసి చూశాను. టైరు మీద గీతలే కనపడలేదు. ఎర్రమట్టితో అలికిన గోడలా నున్నగా ఉంది. కంపలు వేశాం, రాళ్ళు వేశాం, తోశాం. లాభం లేకపోయింది.

చివరికి వెదురు బొంగుకి దుప్పటి కట్టి డోలీ చేశారు. గెడ్డ దాటించి, 5 కిలోమీటర్లు మోసుకెళ్ళారు. మూడు గంటలు పట్టింది. తారు రోడ్డు మీద 108 బండి ఎదురుచూస్తోంది. తెల్లారేసరికి ఆసుపత్రిలో పాప పుట్టింది. ఇద్దరూ క్షేమం. కానీ ఆ మూడు గంటలూ అత్త అరుపులు నాకు ఇప్పటికీ వినపడుతుంటాయి.

మర్నాడు మావయ్య టైరుకి ఆనుకుని కూర్చుని ఒక్కటే మాటన్నాడు. "టైర్లు కొత్తవేరా అబ్బాయ్. మన దారివి కావు, అంతే."

ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. టైర్లలో దారికొక రకం ఉంటుందా? మావయ్యని అడిగాను, పంచరు షాపు అన్నని అడిగాను, మన సైన్సు మాస్టారిని అడిగాను. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

టైరంటే ఏమిటి?

రబ్బరు చెట్టు పాలతో చేసిన రబ్బరు ఎండకి జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. దానికి గంధకం కలిపి వేడి చేస్తే గట్టిగా, సాగేలా తయారవుతుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుక్కున్నాడు. గాలి నింపిన టైరుకి 1845లో స్కాట్లండు దేశస్థుడు రాబర్ట్ విలియం థాంసన్ పేటెంటు తీసుకున్నాడు గానీ అది వాడుకలోకి రాలేదు. 1887-88లో జాన్ బాయిడ్ డన్లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు మళ్ళీ తయారు చేశాడు. అప్పటినుంచి లోకమంతా గాలి మీదే నడుస్తోంది.

టైరులో మనం తెలుసుకోవాల్సిన భాగాలు నాలుగు.

1. గట్లు, సందులు: నేలని తాకే పైభాగం. దున్నిన చేనులాగ ఎత్తుగా ఉన్నవి గట్లు, మధ్యలో ఉన్నవి సందులు.
2. పక్కగోడ: కంపెనీ పేరు, అంకెలు రాసి ఉండే పక్క భాగం. గట్లున్న చోటికన్నా ఇక్కడ పలచగా ఉంటుంది.
3. లోపలి పొరలు: రబ్బరులో దాగున్న నైలాను, పాలియెస్టరు దారాలు, ఉక్కు తీగలు. టైరుకి ఇవే ఎముకలు.
4. అంచు: రిమ్ముని గట్టిగా పట్టుకునే చోటు. దీని లోపల ఉక్కు తీగ చుట్ట ఉంటుంది.

మరి బరువు మోసేది ఎవరు? రబ్బరు అనుకుంటాం. కాదు, ఎక్కువ భాగం మోసేది లోపలి గాలే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

మూడు రకాల టైర్లు

షాపులో జీపు టైర్లు ముఖ్యంగా మూడు రకాలు అమ్ముతారు.

హెచ్.టి. టైరు: ఇది తారు రోడ్డు టైరు. సందులు సన్నగా, గట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. చప్పుడు తక్కువ, డీజిలు తక్కువ తాగుతుంది, తడి తారు మీద బ్రేకు బాగా పడుతుంది. మావయ్య వేయించింది ఇదే.

ఎం.టి. టైరు: ఇది బురద టైరు. పెద్ద పెద్ద గట్లు, వాటి మధ్య వేలు దూరేంత సందులు. గట్లు పక్కల దాకా వచ్చి ఉంటాయి. పక్కగోడ మందంగా ఉంటుంది.

ఏ.టి. టైరు: ఇది అన్ని దారుల టైరు. పై రెండింటికీ మధ్యది. బురదలో రెండోదంత గొప్పది కాదు, తారు మీద మొదటిదంత మెత్తన కాదు. కానీ రెండు చోట్లా పని నడుస్తుంది.

మరి మూడింట్లో ఏది మంచిది? "ఏ చెప్పులు మంచివి?" అని అడిగినట్టుంది ఈ ప్రశ్న. పెళ్ళికా, పొలానికా, కొండకా? దారి చెప్పకుండా టైరు చెప్పలేం. కాబట్టి దారులు చూద్దాం.

బురద: ఎద్దు గిట్ట చెప్పే పాఠం

దమ్ము పట్టిన మడిలో ఎద్దు ఎలా నడుస్తుందో చూశారా? దాని గిట్ట రెండు చీలికలుగా ఉంటుంది. కాలు దిగేటప్పుడు చీలికలు విచ్చుకుంటాయి, ఎక్కువ నేల మీద ఆనుతుంది. పైకి లాగేటప్పుడు దగ్గరకొస్తాయి, బురద పట్టు వదిలేస్తుంది. గుర్రం గిట్ట ఒకటే ముక్క. అందుకే దమ్ము మడికి ఎద్దునీ దున్ననీ తోలతాం గానీ గుర్రాన్ని తోలం.

బురద టైరు చేసేదీ రెండు పనులే. గట్లు బురదలో దిగి పట్టుకోవాలి. పట్టుకున్న బురదని తర్వాత వదిలెయ్యాలి. ఈ రెండోది చాలామందికి తెలియదు. సందు సన్నగా ఉంటే మట్టి దాంట్లో ఇరుక్కుని బయటికి రాదు. చక్రం ఒకసారి తిరిగేసరికి సందులన్నీ నిండిపోతాయి. అప్పుడు కొత్త టైరైనా గుండు టైరుతో సమానం. ఆ రాత్రి నేను టార్చిలైటు వెలుగులో చూసింది ఇదే. సందు వెడల్పుగా ఉంటే చక్రం తిరిగే వేగానికి మట్టి దానంతటదే ఎగిరి పడిపోతుంది.

ట్రాక్టరు వెనక టైరు చూడండి. గట్లు బాణం ములుకులా ఉంటాయి. ములుకు కొన ముందు నేలని తాకుతుంది, బురదని రెండు పక్కలకీ నెట్టేస్తుంది. టైరు తిప్పి బిగిస్తే పని చెడుతుంది. అందుకే అలాంటి టైర్ల పక్కగోడ మీద తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు ఉంటుంది.

బురదలన్నీ ఒకటి కావు. మన వైపు ఎర్రమట్టి దారిలో చాలా చోట్ల పైన జానెడు బురద, కింద గట్టి నేల. ఇలాంటి చోట సన్నటి టైరు బురదని కోసుకుని కిందకి దిగి గట్టి నేలని అందుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపు టైరు కొలత 6.00-16, అంటే వెడల్పు ఆరంగుళాలే. గట్లు కూడా ముందుకెళ్ళినా వెనక్కెళ్ళినా ఒకే పట్టు ఇచ్చేలా పెట్టారు. ఆ సన్న టైర్లతోనే ఆ జీపు ఎన్నో దేశాల బురద తొక్కింది.

ఆదిలాబాద్ వైపు నల్లరేగడి నేల వేరు. అది నీళ్ళు తాగి ఉబ్బుతుంది, జిగురులా టైరుకి చుట్టుకుంటుంది, కింద గట్టి నేల తొందరగా దొరకదు. అక్కడ సన్నటి టైరు దిగబడుతుంది. వెడల్పు టైరు, పెద్ద సందులు కావాలి.

బండ: మేక గిట్ట చెప్పే పాఠం

ఇప్పుడు గెడ్డలోకి దిగుదాం. గుండ్రటి రాళ్ళు, వాటి మీద పాచి, మధ్య మధ్య పగిలిన రాళ్ళ పదును. ఇక్కడ బురద తెలివి పనికిరాదు.

మేక కొండరాయి ఎలా ఎక్కుతుంది? దాని గిట్ట అంచు గట్టి, లోపల మెత్తటి దిండు. మెత్తటి దిండు రాయిని హత్తుకుంటుంది, గట్టి అంచు గరుకుని పట్టుకుంటుంది. రాతి మీద టైరుకి కావలసిందీ అదే. రబ్బరు కొంచెం మెత్తగా ఉండి రాయి ఆకారానికి తగ్గట్టు ఒదగాలి. పాతబడి గట్టిపడిన రబ్బరు తడి రాయి మీద సబ్బు బిళ్ళలా జారుతుంది.

రాళ్ళ దారిలో మొదట దెబ్బ తినేది గట్లు కాదు, పక్కగోడ. రెండు రాళ్ళ మధ్య టైరు దిగినప్పుడు పదును రాయి పక్కన కోస్తుంది. గట్ల మధ్య పడిన మేకు పంచరు వేస్తే పోతుంది. పక్కగోడ కోత అలా బాగుపడదు, టైరు మార్చాల్సిందే. అందుకే రాళ్ళ దారికి టైరు కొనేటప్పుడు పక్కగోడ ఎంత మందమో, పొరలెంత బలమో అడగాలి. కొన్ని టైర్ల మీద 6 పి.ఆర్., 8 పి.ఆర్. అని ఉంటుంది. అది పొరల బలం తెలిపే అంకె. పెద్ద అంకె అంటే ఎక్కువ బలం.

పొరలు అల్లడంలోనూ రెండు పద్ధతులున్నాయి. పాత పద్ధతిలో దారాలు ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉంటాయి. పక్కగోడ మొండిగా ఉంటుంది, దెబ్బలు ఓర్చుకుంటుంది. రెండోది రేడియల్ పద్ధతి. ఫ్రాన్సులో మిషెలిన్ కంపెనీ 1946లో దీనికి పేటెంటు తీసుకుంది. దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి నేరుగా ఉంటాయి, గట్ల కింద ఉక్కు పట్టీ ఉంటుంది. ఇది వేడెక్కడం తక్కువ, అరగడం తక్కువ, పట్టు ఎక్కువ. కానీ పక్కగోడ మెత్తన, రాళ్ళలో జాగ్రత్త పడాలి. టైరు కొలతలో "ఆర్" అక్షరం ఉంటే అది రేడియల్.

ఇంకో ముఖ్యమైన తేడా చెప్తాను. బురదలో బండి ఒకే వేగంతో ఆగకుండా పోవాలి, చక్రం తిరుగుతుంటేనే సందులు ఖాళీ అవుతాయి. రాయి మీద చక్రం ఊరికే తిరగకూడదు, తిరిగితే రాయి రబ్బరుని చెక్కేస్తుంది. తాబేలు నడక నడవాలి. బురదలో ఆగిపోయాక కూడా ఏక్సిలేటరు తొక్కకూడదు. తొక్కిన కొద్దీ చక్రం తన గోతిని తనే తవ్వుకుంటుంది. ఆ రాత్రి మేం చేసిన రెండో తప్పు అదే.

ఘాటీ రోడ్డు: మర్చిపోయే దారి

"అయితే అందరూ బురద టైర్లే వేసుకుంటే పోలా?" అని మీరు అడుగుతారు. నేనూ అలాగే అడిగాను. పంచరు షాపు అన్న నవ్వి, "మీ మావయ్య బురదలో ఎన్ని కిలోమీటర్లు తోల్తాడు, తారు మీద ఎన్ని తోల్తాడు? లెక్క రాయి" అన్నాడు.

లెక్క రాశాను. ఊరి నుంచి తారు రోడ్డు దాకా 9 కిలోమీటర్లు. అక్కడినుంచి పాడేరు సంతకి 26 కిలోమీటర్లు, అంతా వంపులు తిరిగే తారు. అంటే ప్రతి 35 కిలోమీటర్లలో 26 తారు మీదే. బురద టైరుకి గట్లు పెద్దవి, సందులు పెద్దవి. కాబట్టి తారుని తాకే రబ్బరు తక్కువ. వాన పడిన తారు మీద బ్రేకు వేస్తే ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. ఘాటీ వంపులో ఆ ఎక్కువ దూరం అంటే లోయే. పైగా ఎత్తు గట్లు తారు మీద ఊగి తొందరగా అరుగుతాయి, డీజిలు ఎక్కువ తాగుతుంది, చప్పుడు చెవులు హోరెత్తిస్తుంది.

వరి మడిలో ట్రాక్టరుకి ఇనుప దమ్ము చక్రాలు తగిలిస్తారు కదా. మడిలో వాటిని మించినది లేదు. తారు రోడ్డు ఎక్కితే రోడ్డు పాడవుతుంది, బండీ నిలవదు. ఏ చక్రం గొప్పతనం ఆ నేల మీదే.

గాలి లెక్క (9, 10 తరగతుల వారు తప్పక చూడండి)

పీడనం = బలం ÷ వైశాల్యం. ఇది మన ఫిజిక్సు పుస్తకంలో ఉన్నదే. దీన్ని టైరుకి వాడదాం.

మనుషులతో కలిపి జీపు బరువు 2,200 కిలోలు అనుకుందాం. నాలుగు చక్రాలకీ సమానంగా పంచితే ఒక్కోదానికి 550 కిలోలు. టైరులో 30 పౌన్ల గాలి ఉంది. 30 పౌన్లంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 2.11 కిలోలు.

నేలని తాకే చోటు = 550 ÷ 2.11 = సుమారు 260 చదరపు సెంటీమీటర్లు.

పోస్టుకార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. అంటే 126 చదరపు సెంటీమీటర్లు. అంటే జీపు చక్రం ఒక్కొక్కటీ దగ్గర దగ్గర రెండు పోస్టుకార్డులంత చోటు మీద నిలబడి ఉంది! పన్నెండు మంది ప్రాణాలు మొత్తం ఎనిమిది పోస్టుకార్డుల మీద.

ఇప్పుడు గాలి 20 పౌన్లకి తగ్గిద్దాం. అది 1.41 కిలోలు. 550 ÷ 1.41 = సుమారు 390 చదరపు సెంటీమీటర్లు. అంటే మూడు పోస్టుకార్డులు. టైరు అదే, బండి అదే. పట్టుకునే చోటు మాత్రం ఒకటిన్నర రెట్లయింది. (పక్కగోడ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి ఇది సుమారు లెక్కే.) రాయి మీద కూడా గాలి తగ్గిన టైరు రాయి చుట్టూ ఒదుగుతుంది.

అయితే దీంట్లో ప్రమాదం ఉంది. గాలి తక్కువగా ఉన్న టైరుతో వేగంగా పోతే పక్కగోడ మడత పడి లేచి, మడత పడి లేచి కాలిపోయేంత వేడెక్కుతుంది, పేలిపోతుంది. ఇంకా తగ్గిస్తే మలుపులో టైరు అంచు రిమ్ముని వదిలేస్తుంది. కాబట్టి గాలి తగ్గిస్తే: మనుషులు దిగాలి, బండి మెల్లగా పోవాలి, తారు ఎక్కే ముందు కాలి పంపుతో మళ్ళీ నింపాలి. పంపు లేనివాడు గాలి తియ్యకూడదు.

చేసి చూడండి: ఒక ఫుట్‌బాల్ నిండా గాలి కొట్టి, అడుగున తడి సుద్దపొడి పూసి, గ్రాఫు కాగితం మీద పెట్టండి. పైన ఒక ఇటుక ఆనించి పట్టుకోండి. తీసి, అచ్చు ఎన్ని గళ్ళు ఆక్రమించిందో లెక్కపెట్టండి. సగం గాలి తీసి అదే ఇటుకతో మళ్ళీ చెయ్యండి. రెండు లెక్కలూ పోల్చండి.

టైరు మీద రాత చదవడం

టైరు పక్కగోడ ఒక పలక. చదవడం వస్తే అంతా చెప్తుంది. మావయ్య టైరు మీద ఇలా ఉంది: 215/75 ఆర్ 15.

215 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో 75 శాతం. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో.

పక్కగోడ ఎత్తు = 215 × 75 ÷ 100 = 161.25 మి.మీ.
రిమ్ము = 15 × 25.4 = 381 మి.మీ.
మొత్తం వ్యాసం = 161.25 + 161.25 + 381 = 703.5 మి.మీ.
చుట్టుకొలత = 22/7 × 703.5 = 2,211 మి.మీ.

అంటే చక్రం ఒకసారి తిరిగితే జీపు 2 మీటర్ల 21 సెంటీమీటర్లు పోతుంది.

తర్వాత 100 లాంటి ఒక అంకె ఉంటుంది. అది బరువు గుర్తు. 100 అంటే ఆ టైరు మొయ్యగల గరిష్ఠ బరువు 800 కిలోలు. దాని పక్కన అక్షరం వేగం గుర్తు. 'క్యూ' అంటే గంటకి 160 కిలోమీటర్లు.

చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. ఉదాహరణకి 2322. అంటే 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. కొత్త టైరని అమ్మినా అది షాపులో ఎన్నేళ్ళు పడుందో ఈ అంకె చెప్పేస్తుంది. సెకండ్ హ్యాండు టైరు, రీట్రేడింగు టైరు కొనేటప్పుడు ఇది తప్పక చూడాలి.

సందుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మలుంటాయి. గట్లు అరిగి ఆ దిమ్మలతో సమానమయ్యాయంటే లోతు 1.6 మి.మీ. మాత్రమే మిగిలినట్టు. అప్పుడు టైరు మార్చాల్సిందే. కానీ అది తారు రోడ్డు లెక్క. బురద దారికి అంతవరకు ఆగితే జీపు ముందే ఆగిపోతుంది.

మావయ్య ఏం కొన్నాడు?

మొదట మావయ్య వెనక చక్రాలకి రెండు బురద టైర్లు వేస్తే చాలనుకున్నాడు. బొలేరోని తోసేది వెనక చక్రాలే కదా అని. పంచరు షాపు అన్న ఒప్పుకోలేదు. "వెనకవి తోస్తాయి, బాగానే ఉంది. మరి బండిని తిప్పేవి ముందువి కదా. వెనక పట్టు ఒకలాగ, ముందు పట్టు ఒకలాగ ఉంటే తడి ఘాటీలో బండి నీ మాట వినదు" అన్నాడు. నాలుగూ ఒకే కొలత, ఒకే రకం ఉండాలన్నాడు. నాలుగు చక్రాలూ తోసే బండికైతే ఇది ఇంకా ముఖ్యం. కొలతల్లో తేడా ఉంటే గేరు పెట్టె దెబ్బతింటుంది.

మిరియాలు అమ్మిన డబ్బు చేతికొచ్చాక, సంక్రాంతి తర్వాత, మావయ్య నాలుగు ఏ.టి. టైర్లు వేయించాడు. పక్కగోడ మందంగా ఉన్నవి ఏరుకున్నాడు. పాతవి తారు మీదే తిరిగే ఒక బండి ఆయనకి అమ్మేశాడు. ఆ బండికి అవే సరైన టైర్లు. ఒక కాలి పంపు, గాలి కొలిచే గేజి, ఒక పార, రెండు చెక్క పలకలు సీటు కింద చేరాయి.

తర్వాతి ఆగస్టులో అదే ఎత్తు దగ్గర నేను జీపులో ఉన్నాను. మావయ్య కిందనే ఆపాడు. అందర్నీ దింపాడు. గాలి 22 పౌన్లకి తగ్గించాడు. దారి నడిచి చూసొచ్చి, రెండో గేరులో ఎక్కడా ఆపకుండా, ఎక్కడా గట్టిగా తొక్కకుండా ఎక్కించేశాడు. కాస్త జారింది, నిలదొక్కుకుంది, ఎక్కింది. పైకి వెళ్ళి చూస్తే సందుల్లో కొంత మట్టి ఉంది గానీ గట్లు కనపడుతున్నాయి.

అదే నెలలో ఇంకోరోజు గెడ్డ పొంగింది. ఒడ్డునే ఆపేసి కూర్చున్నాడు. "కొత్త టైర్లున్నాయి కదా మావయ్యా" అన్నాను. "టైరు నేలని పడుతుంది గానీ నీళ్ళని పడుతుందేట్రా?" అన్నాడు. నిజమే. ఆర్కిమెడీస్ సూత్రం మనం చదివాం. నీళ్ళలో మునిగిన బండి తేలికవుతుంది, టైరు పట్టు సడలుతుంది. మోకాలి లోతు దాటి పారే నీరు జీపుని పక్కకి నెట్టెయ్యగలదు. నాలుగు గంటలు ఆగాక నీరు తీసింది, అప్పుడు దాటాం.

గుర్తుంచుకోవాల్సినవి

1. ముందు దారి లెక్క రాసుకో, తర్వాత టైరు కొను.
2. రోజంతా బురదలోనే పని ఉన్న బండికి బురద టైరు. తారు, మట్టి, రాళ్ళు మూడూ ఉన్న బండికి అన్ని దారుల టైరు. ఎప్పుడూ తారు మీదే తిరిగే బండికి రోడ్డు టైరు.
3. రాళ్ళ దారికి పక్కగోడ చూడు. బురద దారికి సందులు చూడు. ఘాటీకి బ్రేకు చూడు.
4. నాలుగూ ఒకే రకం. స్టెప్నీ కూడా అదే కొలత.
5. గాలి కొలిచే గేజి లేకుండా టైరు గురించి మాట్లాడకు.
6. ఎంత మంచి టైరైనా పొంగిన గెడ్డకి లొంగాల్సిందే.

ఆలోచించండి – జవాబు రాయండి

1. మావయ్య జీపు చక్రం 9 కిలోమీటర్లలో సుమారు ఎన్నిసార్లు తిరుగుతుంది?
2. మనుషులు దిగాక జీపు బరువు 1,600 కిలోలు. గాలి 20 పౌన్లు. ఒక్కో చక్రం నేలని తాకే చోటు ఎంత? అది ఎన్ని పోస్టుకార్డులు?
3. టైరు మీద 4019 అని ఉంది. అది ఎప్పుడు తయారైంది?
4. మీ ఊరి దారిలో తారు ఎంత, మట్టి ఎంత, రాళ్ళు ఎంత? మీ ఊరొచ్చే జీపుకి ఏ టైర్లున్నాయి? ఈ దసరా సెలవుల్లో చూసి రాసుకురండి. అన్ని ఊళ్ళ లెక్కలూ కలిపి ఒక పట్టిక గీసి ఇదే గోడ మీద పెడదాం.

నాలుగో ప్రశ్న మాత్రం ఎవరూ వదలకండి. మీరు రాసుకొచ్చిన దాన్ని జీపు డ్రైవరు మావయ్యలకీ అన్నలకీ చూపించండి. నవ్వినా ఫరవాలేదు, చూపించండి. ఆ రాత్రి పుట్టిన పాపకి ఇప్పుడు మూడేళ్ళు. మావయ్య టైర్లు కడుగుతుంటే పక్కన కూర్చుని పుల్లతో సందుల్లో రాళ్ళు తీస్తుంటుంది.